మృతుడి పోస్టు

అప్పలనరసయ్య చనిపోయినట్టు ధ్రువీకరించమని కోరే ఫైలు, సోమవారం మధ్యాహ్నం, అప్పలనరసయ్య టేబుల్ మీదికే వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది? విశ్వవిద్యాలయంలో సిబ్బంది చేరినా, సెలవు పెట్టినా, బదిలీ అయినా, పోయినా అన్నీ ఆయన చేతుల మీదుగా జరగాల్సిందే. సీనియర్ అసిస్టెంటుగా ఆయన గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆయన రాసిన నోటు మీద పైవాళ్లెవరూ ఇంతవరకూ కొర్రీ వెయ్యలేదు.

ఆయన ఫైలు విప్పి, కళ్లజోడు సవరించుకుని, తన పేరు చదివాడు. పుట్టిన తేదీ చదివాడు. మరణకారణం అన్నచోట ‘విద్యాసంబంధం’ అని ఉంటే అదీ చదివి తల పంకించాడు. తర్వాత ఎర్రసిరా పెన్ను తీసి, ‘మృతుడి అంగీకార పత్రం జతపరచలేదు’ అని మార్జిన్‌లో రాసి, ఫైలు వెనక్కి పంపి, నిశ్చింతగా మజ్జిగన్నం తిన్నాడు.

ఆయనేమీ అమాయకుడు కాదు. ఫైలు వస్తుందని ముందే తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన పత్రాలు జతపరచని ఫైలు ఎలా కదులుతుంది?

అసలీ గొడవంతా ఆచార్య విశ్వంభరం గారు ఢిల్లీలో ఒక సదస్సుకి వెళ్లి రావడంతో మొదలైంది. ఆయన ప్రజావాదన, సాంఘిక విధానాల శాఖకు అధిపతి. నోరులేనివాళ్ల తరఫున సర్కారు చెవిలో ఎలా మాట్లాడాలో ఆ శాఖలో రెండేళ్లపాటు నేర్పి, ఎం.ఏ. పట్టా ఇస్తారు. సదస్సు నుంచి ఆయన ఒక సంచీ, ఒక శాలువా, ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు. సంచీ భార్యకిచ్చి, శాలువా తను కప్పుకుని, సిద్ధాంతాన్ని విద్యార్థుల మీదికి వదిలారు. ‘పడ్డవాడే పలకాలి’ అన్నది ఆ సిద్ధాంతం. ఎవరి కష్టం గురించైనా పరిశోధన రాయాలంటే ఆ కష్టం తాను పడి ఉండాలి. పడనివాడు నోరెత్తితే అది ‘స్వానుభవరహిత వాదన’, అంటే నైతిక దురాక్రమణ.

శాఖ రూపురేఖలే మారిపోయాయి. వీధికుక్కల బెడద మీద రాస్తున్న కుర్రాడు ఆ సాయంత్రమే చేపల మార్కెట్ వెనక్కి వెళ్లి కరిపించుకుని వచ్చాడు. వాడికి ఆ సెమిస్టరులో మొదటి ర్యాంకు. భూమిలేని పేదల మీద రాస్తున్నాయన తన పొలాన్ని భార్య పేర రాసేసి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ సెమినార్ ఇచ్చాడు. వృద్ధుల సంరక్షణ మీద రాస్తానన్న అమ్మాయికి సీటు ఖాయం చేశారు గానీ అరవై నిండాక వచ్చి చేరమన్నారు. నిరుద్యోగం మీద రాస్తున్నవాడికి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ శాఖలో చదువుతున్నందుకే వాడికి అర్హత ఉందని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

మిగిలింది అప్పలనరసయ్య భార్య హైమవతి. ఇద్దరు పిల్లలకీ బడికెళ్లే ఈడు వచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన మనిషి. ఆవిడ అంశం, మత్స్యకార వితంతువుల పింఛన్లు.

కమిటీ ముందుకి దంపతులిద్దర్నీ పిలిచారు. విశ్వంభరం గారు శాలువా సర్దుకుని, ఎంతో మర్యాదగా అన్నారు.

“చూడండి హైమవతి గారూ. మీ పరిశోధన నాణ్యతను మేం శంకించడం లేదు. మీ సౌభాగ్యమే మాకు అభ్యంతరం.”

హైమవతి ఏదో అనబోయింది. అప్పలనరసయ్య ముందుకి వంగి, “విడాకులైతే సరిపోదాండీ?” అని వినయంగా అడిగాడు.

“విడాకులు రెండో సెమిస్టరు పేపరండి. దాన్నీ దీన్నీ కలపకూడదు. అయితే మేం అమానుషులం కాము. ప్రాణహాని లేని మార్గం అన్వేషించాం. మిమ్మల్ని విద్యాపరంగా దివంగతులుగా ప్రకటిస్తాం. వైవా పూర్తయ్యేవరకే. ప్రాజెక్టు కింద ఒక మృతుడి పోస్టు కూడా మంజూరైంది. పింఛను కార్యాలయంతో ఒప్పందం కుదిరింది, మనం ఇచ్చే ధ్రువీకరణను వాళ్లు అసలు ధ్రువీకరణగానే స్వీకరిస్తారు. అప్పుడే అనుభవానికి పరిశుద్ధత.”

“అంశం మార్చుకుంటే?” అంది హైమవతి.

“తప్పకుండా మార్చుకోవచ్చు. వివాహితల సమస్యలు అనండి. కానీ అందులో ఇప్పటికే చాలామంది ఉన్నారు.”

ఇంటికొచ్చే దారిలో హైమవతి బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి, “పోలమ్మకి మాటిచ్చానండీ” అంది.

పోలమ్మ సంగతి అప్పలనరసయ్యకు వంటింట్లో వినీ వినీ కంఠతా వచ్చింది. చింతలరేవులో ఉంటుంది. ఆమె మొగుడు ఎల్లాజీ తుఫానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క ఒకటి ఒడ్డుకొచ్చింది గానీ మనిషి రాలేదు. శవం లేదు కనక చావు లేదన్నారు. చావు లేదు కనక పింఛను లేదన్నారు. ఏళ్ల తరబడి ఆగమన్నారు. హైమవతి పరిశోధన పాసైతే, అందులో చేసిన సిఫార్సుకు కలెక్టరు కార్యాలయం జవాబు చెప్పి తీరాలని ఏర్పాటు ఉంది. అంశం మార్చుకుంటే పోలమ్మ కథ బీరువాలోకి పోతుంది. అంతే.

“సరే, పోతాన్లే” అన్నాడు అప్పలనరసయ్య. భార్య నెలల తరబడి పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదవడం ఆయన చూశాడు. ఆ చదువు అంటే ఆయనకు గౌరవం. చెప్పడం చేతకాక ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పడం చేతకాకపోయినా ఫైలు చదవడం చేతనవును కదా. అందుకే సోమవారం ఆ కొర్రీ వేశాడు. మంగళవారం తన అంగీకార పత్రం తనే రాసి, రెండు అచ్చుతప్పులు తనే దిద్ది, సంతకం చేసి జతపరిచాడు. ఫైలు పైకి వెళ్లింది. రిజిస్ట్రారు గారు ముచ్చటపడి, ఆ కొర్రీని నిబంధనగా మార్చేశారు. ఇకమీదట మృతుడి అంగీకార పత్రం లేనిదే ఎవరినీ మృతుడిగా ప్రకటించరాదు. అప్పలనరసయ్య ఛాతీ ఆ రోజు కాస్త పొంగింది. తన రాతలోంచి ఒక నిబంధన పుట్టడం అదే మొదలు.

ఇంట్లో మాత్రం గగ్గోలు లేచింది. ఆయన తల్లి సూరమ్మ వీధి గుమ్మంలో కూలబడింది.

“ఓలమ్మో! నా కొడుకు నిచ్చేపంలా తిరుగుతుంటే పోనాడని రాసీడానికి ఆళ్లెవులే? ఏటే కోడలా, నీ సదువుకి నా కొడుకే దొరికినాడేటి?”

“కాగితం మీదే అత్తయ్యా.”

“కాయితం మీదైనా సావు సావేనే! ఏరా, నువ్వేటి, నోరిప్పవేటి? బతికే ఉన్నావా?”

“ఇంట్లో బతికే ఉన్నానమ్మా” అన్నాడు అప్పలనరసయ్య. “ఆఫీసు వేళల్లో మాత్రం లేను.”

సూరమ్మ లేచి లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, కోడలి నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఆ బొట్టుతోనే హైమవతి మర్నాడు శాఖకు వెళ్లింది. కమిటీ కంగారుపడింది. బొట్టు తీయించడం మూఢాచారం, దాన్ని శాఖ ఖండిస్తుంది. బొట్టు ఉంచుకుంటే అనుభవం చెడుతుంది, దాన్నీ శాఖ ఖండిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా తర్జనభర్జన పడి, హైమవతిని ‘ప్రగతిశీల వైధవ్యం’ అనే కొత్త విభాగంలో చేర్చి, టీ తాగి లేచారు.

ఇక విశ్వవిద్యాలయంలో అప్పలనరసయ్య నిజంగానే పోయాడు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం ఆయన వేలిని గుర్తుపట్టలేదు. జీతం ఆగింది. అలవాటు మానుకోలేక ఆయన రోజూ వచ్చి విజిటర్ల బెంచీ మీద కూర్చునేవాడు. ఆనవాయితీ ప్రకారం సంతాప సభ కూడా పెట్టారు. సభ ఏర్పాట్లు ఎప్పుడూ చూసుకునేది ఆయనే కాబట్టి కుర్చీలు, మైకు, ఫొటోకి దండ ఆయనే తెప్పించాడు. సహోద్యోగులు ఒక్కొక్కరూ లేచి, అంతటి ఉత్తముడు, మితభాషి, నోటు రాస్తే ముత్యాలు పేర్చినట్టుండేదని గద్గద స్వరంతో చెబుతుంటే వెనక వరసలో కూర్చుని ఆయనే ముందుగా కళ్లు తుడుచుకున్నాడు. బతికుండగా వీళ్లలో ఒక్కడూ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. సభ ముగిశాక చూస్తే ఫ్యాను కింది తన కుర్చీని పక్క సెక్షన్ వాళ్లు పట్టుకుపోయారు.

దండ వాడిపోకముందే హైమవతికి వితంతు పింఛను మంజూరైంది.

కమిటీకి అది పెద్ద దెబ్బ. “జాప్యరహిత మంజూరు వల్ల పరిశోధకురాలికి తగినంత క్లేశం సంప్రాప్తించలేదు” అని విశ్వంభరం గారు పింఛను కార్యాలయానికి ఘాటుగా రాశారు. వాళ్లు అంతే ఘాటుగా జవాబిచ్చారు. కాగితాలన్నీ ఇంత సక్రమంగా ఉన్న చావును తమ సర్వీసులో చూడలేదనీ, ఆపడానికి ఏ సాకూ దొరకలేదనీ, అందుకు చింతిస్తున్నామనీ. ఆ జవాబు విని అప్పలనరసయ్యకు మళ్లీ ఛాతీ పొంగబోయింది గానీ, హైమవతి ముఖం చూసి ఆగిపోయింది.

ఆ ఆదివారం ఇద్దరూ చింతలరేవు వెళ్లారు. పోలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. బక్కపలచని మనిషి, నవ్వితే ముఖమంతా నవ్వుతుంది. హైమవతి తొలి పింఛను ఆమె చేతిలో పెట్టబోయింది.

“నీ మొగుడి పేర డబ్బు నాకెందుకమ్మా?” అంది పోలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని. అప్పలనరసయ్యను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వింది. “రాయిలా ఉన్నాడు. ఈ బావు సచ్చిపోనాడని రాసీసినారా? అలగైతే మావోడి పేరు కూడా రాయించీయమ్మా. నా మొగుడి పేర డబ్బు ఇప్పించు, తింటాను.”

ఎంత తేలికైన ఆలోచన! ఉత్తుత్తి చావుకు కాగితమిచ్చిన విశ్వవిద్యాలయం అసలు చావుకు ఇవ్వదా? హైమవతి ఆ వారమే ఎల్లాజీ పేరున దరఖాస్తు పెట్టించింది. పోలమ్మ బస్సెక్కి వచ్చి, సిబ్బంది విభాగం కిటికీ దగ్గర నిలబడింది. అప్పలనరసయ్య విజిటర్ల బెంచీ మీంచి లేచి పక్కన నిలబడ్డాడు.

కిటికీలో ఆయన స్థానంలోకి వచ్చిన కొత్త గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

“మృతుడి అంగీకార పత్రం జతపరచలేదు.”

“అదేటి బావూ?”

“మృతుడు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలమ్మా.”

“ఆడు సముద్రంలో ఉన్నాడు కదేటి. ఎలగొస్తాడు బావూ?”

“నిబంధనమ్మా. అందరికీ ఒకటే. ఇదిగో ఈయన రాలేదూ? స్వయంగా వచ్చి, సంతకం పెట్టి, శుభ్రంగా పోయారు. మీ ఆయనకేం?”

అప్పలనరసయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ వాక్యం తనది. అందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు. మజ్జిగన్నం ముందు ఆకలిమీద రాసిన ఒక్క ముక్క, ఇంత దూరం వచ్చి ఈ మనిషి దారికి అడ్డం నిలబడింది. ఆయనకు సిగ్గేసింది. పోలమ్మ మాత్రం ఆయన వైపు చూసి, “నువ్వు అదురుష్టవంతుడివి బావూ, సంతకం పెట్టీసి పోనావు” అంది, ఎగతాళేమీ లేకుండా.

హైమవతి వైవాకు పోలమ్మను వెంటబెట్టుకు వెళ్లింది. నోరులేనివాళ్ల గురించి మాట్లాడే చోట నోరున్న మనిషినే కూర్చోబెడితే ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ ఉద్దేశం. అప్పలనరసయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. మృతులకు ప్రవేశం ఉందో లేదో నిబంధనల్లో స్పష్టంగా లేదు.

“ఈమె ఎవరు?” అన్నారు విశ్వంభరం గారు.

“వితంతువండి. ఈమె కోసమే ఈ పరిశోధన” అంది హైమవతి.

విశ్వంభరం గారు ఫైలు చూసి ఉలిక్కిపడ్డారు. “రికార్డు ప్రకారం ఈమె భర్త జీవించే ఉన్నాడు. ఈమె సుమంగళి! ఒక సుమంగళి వితంతువుల పక్షాన నోరెత్తడమా? మన శాఖలో?”

“నాను నా సంగతే సెప్పుకుంటాను బావూ” అంది పోలమ్మ.

“అదేనమ్మా కూడదు. ఆ అనుభవం మీకు లేదు. ఈ గదిలో ధ్రువీకృత వితంతువు హైమవతి గారొక్కరే. ఆవిడ వేదనను మీరు అపహరించవద్దు. దయచేసి సానుభూతితో వినండి.”

పోలమ్మ హైమవతి వైపు చూసి, నెమ్మదిగా, “సెప్పమ్మా, నువ్వే సెప్పు. నీకే ఎక్కువ తెలుస్తాదంట” అంది.

హైమవతి కోపంగా లేచింది. ఎల్లాజీ గురించి, ఒడ్డుకొచ్చిన చెక్క గురించి, ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. పరీక్షకులు చలించిపోయారు. స్వానుభవం లేనిదే ఇలాంటి కన్నీరు అసంభవమని రాసి, డిస్టింక్షన్ ఇచ్చారు. సిఫార్సు కలెక్టరు కార్యాలయానికి వెళ్లింది. రావాల్సిన జవాబు వెంటనే వచ్చింది. మరణ ధ్రువీకరణ జతపరిస్తే పరిశీలిస్తామని.

ఆ మాట విన్న సాయంత్రం హైమవతి పట్టాను గోడకు తగిలించడానికి ఒప్పుకోలేదు. బట్టల అరలో అడుక్కి తోసేసింది. “మీరు అనవసరంగా పోయారండీ” అంది భర్తతో.

వైవా అయిపోయింది కాబట్టి అప్పలనరసయ్య తిరిగి బతకాలి. ఎలా బతికించాలో ఎవరికీ తెలియలేదు. పూర్వం అలాంటి ఫైలు లేదు. రిజిస్ట్రారు గారు ఆయన్నే పిలిపించారు.

“నోటు మీరే పెట్టండి అప్పలనరసయ్య గారూ. మీలా ఎవరు రాస్తారు?”

“నేను మృతుణ్ణి కదండీ.”

“సంతకం వద్దులెండి. నోటు చాలు.”

ఆయన బెంచీ మీదే కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని, మధ్యాహ్నమంతా రాశాడు. అన్నం కూడా తినలేదు. రాసింది పట్టుకెళ్లి రిజిస్ట్రారు గారి ముందు నిలబడ్డాడు.

“అయ్యా, ప్రాజెక్టు కింద మనకు మంజూరైన మృతుడి పోస్టు ఒకటి. నేను జీవితంలోకి తిరిగి వెళ్లిపోతే ఆ పోస్టు ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉంచితే ఆర్థిక సంవత్సరం చివర పోస్టు రద్దవుతుంది.”

రిజిస్ట్రారు గారి ముఖం పాలిపోయింది. ఆయన సర్వీసులో ఎన్నో పోగొట్టుకున్నారు గానీ మంజూరైన పోస్టును ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

“వెంటనే భర్తీ చెయ్యాలి! ఎవరున్నారు?”

“చింతలరేవు ఎల్లాజీ ఉన్నాడండి. బదిలీ మీద వేసుకోవచ్చు.”

“మృతుడి అంగీకార పత్రం? మీరే పెట్టిన నిబంధన కదా.”

“అది కొత్త నియామకాలకండి. బదిలీలకు మనం ఎవరి అంగీకారమైనా ఎప్పుడైనా అడిగామా?”

రిజిస్ట్రారు గారు కాసేపు గుర్తుచేసుకున్నారు. అడిగిన దాఖలా ఒక్కటీ తోచలేదు. పెన్ను మూత తీశారు.

“స్థానికుడేనా?”

“స్థానికుడేనండి. తీరప్రాంతం.”

“చేరడానికి గడువేమైనా అడుగుతాడా?”

అప్పలనరసయ్య నోటు ఆయన ముందుకి జరిపాడు.

“ఎప్పుడో చేరిపోయాడండి.”

రిజిస్ట్రారు గారు సంతకం పెట్టారు. ఆ సాయంత్రం గేటు దగ్గర వేలిముద్ర యంత్రం అప్పలనరసయ్యను గుర్తుపట్టింది. మర్నాటికల్లా ఫ్యాను కింది కుర్చీ కూడా వెనక్కి వచ్చింది. ఆయన అందులో కూర్చోకుండా సెలవు పెట్టి, ఎల్లాజీ ధ్రువీకరణ కాగితం పట్టుకుని, హైమవతితో కలిసి చింతలరేవు బస్సెక్కాడు.

పోలమ్మ కాగితం చూడగానే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండు చేతులా అందుకుంది. తర్వాత మళ్లీ ఆయనకే ఇచ్చింది.

“సదవడం రాదు బావూ. నువ్వే సదివి సెప్పు.”

ఆయన చదివాడు. చింతలరేవు కాపురస్థుడు ఎల్లాజీ మృతి చెందినట్టు ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. పింఛను కార్యాలయం ఈ ధ్రువీకరణను అన్ని విధాలా అసలైనదిగా స్వీకరించవలసినది. ఎక్కడా పొల్లు లేదు, బిగువైన వాక్యాలు. ఇక డబ్బు వస్తుందని హైమవతి సంతోషంగా చెప్పబోయి, పోలమ్మను చూసి ఆగింది.

పోలమ్మ ఎండుచేపల పక్కన ఇసకలో కూర్చుండిపోయింది. నవ్వే ముఖం నవ్వడం మానేసింది.

“ఊళ్లో అందరూ అనీసినారు బావూ, ఎల్లాజీ పోనాడని. మా అత్త అనీసినాది. నా కూతురూ అనీసినాది. ఒక్క సర్కారోళ్లే అన్నేదు. ఏ ఆపీసుకెల్లినా, నీ మొగుడు బతికే ఉన్నాడమ్మా, ఎల్లు ఎల్లు, అనీవోరు. తిట్టుకుంటా ఇంటికొచ్చీదాన్ని. కానీ రేత్తిరి తొంగున్నాక ఆ మాటే బాగున్నట్టు ఉండీది.” ఆమె సముద్రం వైపు చూసింది. “ఇంక ఆళ్లూ అనరు కదా.”

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్లుగా ఆఫీసు మెట్ల మీద ఏడవని ఏడుపు మొత్తం ఏడ్చింది. హైమవతి పక్కనే ఇసకలో కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అప్పలనరసయ్య కాగితం చేతిలో పట్టుకుని ఎండలో అలా నిలబడిపోయాడు.

చాలాసేపటికి పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తలెత్తింది.

“బావూ, ఇందులో తప్పులేటీ నేవు కదా? మళ్లీ ఓపాలి సూడు.”

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పేరు చూశాడు, ఊరు చూశాడు, సంతకం చూశాడు, ముద్ర చూశాడు. ఒక్క తప్పయినా దొరికితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంటూ, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ వెతికాడు.

“లేవమ్మా” అన్నాడు.